అసిరినాయుడి ఒంట్లో అరవై ఒక్క ఫైళ్ళు

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేను రాసిన సర్క్యులర్లు వెయ్యికి తక్కువుండవు. వాటిలో ఒకే ఒక్కదాన్ని సిబ్బంది తు.చ. తప్పకుండా పాటించారు. దాంతో ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది.

మాది నవకల్పనల ప్రోత్సాహక కమిషనరేటు. ఎక్కడైనా ఎవరైనా ఓ కొత్త వస్తువు కనిపెడితే దానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని ఆలోచించడం మా పని. ఆలోచించే విషయంలో మేం ఏనాడూ వెనకాడలేదు. నేనక్కడ సూపరింటెండెంటుని. మా కమిషనరు గరుడాచలం గారు. ఆయన ఏ కాగితం చూసినా రెండు ప్రశ్నలే వేసేవారు. "ఇది ఎవరి ద్వారా వచ్చింది? ఎవరి అనుమతితో వచ్చింది?" ఈ రెండింటికీ జవాబుంటే మూడో ప్రశ్న వేసేవారు కాదు, కాగితం చదివేవారూ కాదు.

ఓ చైత్రమాసపు ఉక్కపోతలో వకుళ గారు మా ఆఫీసుకి వచ్చారు. ఇంజినీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే మనిషి. నలభై దాటి ఉంటాయి. బ్యాగులోంచి రూపాయి బిళ్ళంత వస్తువొకటి, గడియారం లాంటి పట్టీ ఒకటి తీసి కమిషనరు గారి బల్ల మీద పెట్టారు.

"సర్, ఈ బిళ్ళ ఛాతీ మీద అంటిస్తాం. గుండె ఎలా కొట్టుకుంటోందో పట్టుకుని చేతి పట్టీకి చెబుతుంది. గాల్లోంచి కాదు సర్, ఒంట్లోంచే. రేడియోలా గాల్లోకి వదిలితే బ్యాటరీ ఊరికే అయిపోతుంది. అందుకని మనిషి ఒంటినే తీగలా వాడుకున్నాను. చిన్న గుండీ బ్యాటరీ ఎనిమిది నెలలు వస్తుంది."

"ఎన్నాళ్ళు పట్టిందమ్మా?" అని నేనడిగాను.

"ఆరేళ్ళు సర్. కొందరి గుండె రోజులో ఏదో ఒక్కసారే తడబడుతుంది. ఆస్పత్రిలో ఈసీజీ తీసే ఆ పది సెకన్లూ బుద్ధిగా కొట్టుకుంటుంది. వాళ్ళు 'ఏమీ లేదన్నార్లే' అనుకుని ఇంటికెళ్ళి, ఎక్కడో మెట్ల మీద పడిపోతారు. మా నాన్న అలాగే పోయారు. నలభై మంది రోగులకు పెట్టి చూడ్డానికి మీ అనుమతి కావాలి సర్."

కమిషనరు గారికి పట్టీ కట్టి, బిళ్ళ తాను పెట్టుకుని, ఆవిడ తన వేళ్ళు ఆయన అరచేతికి ఆనించారు. పట్టీ మీద గీత ఎగిరెగిరి పడింది.

"ఇది ఎవరి గుండె?"

"నాదే సర్. నా ఒంట్లోంచి మీ ఒంట్లోకి వచ్చి పట్టీకి చేరింది."

కమిషనరు గారు చాలాసేపు తన చేతినే చూసుకున్నారు. "గుండె చప్పుడు ఒక్కటేనా? ఫైలు కూడా వెళ్తుందా?"

వకుళ గారు నిజాయితీ గల మనిషి. "డేటా ఏదైనా ఒకటే సర్" అన్నారు. ఆ మాట అన్నందుకు తర్వాత ఆవిడ ఎంత బాధపడ్డారో నాకు తెలుసు.

"ఈమెయిలుని దొంగలు కొట్టేస్తారు. కాగితాన్ని ఎలకలు కొట్టేస్తాయి. మనిషి ఒంటిని ఎవరు కొట్టేస్తారయ్యా?" అని కమిషనరు గారు నా వైపు తిరిగారు. "వెంటనే రాయండి."

"సర్, నా నలభై మంది రోగులు?" అన్నారావిడ.

"దానికేం తల్లీ, పరిశీలనలో ఉంటుంది. ముందు మా సిబ్బందికి నూట ఇరవై పట్టీలు చేసిపెట్టండి."

అర్జీ ఆయన బల్ల మీద ఉంది. ఆవిడ ఏమంటారు? చేసిపెట్టారు.

ఆ సాయంత్రమే నేను సర్క్యులరు రాశాను. 'కరస్పర్శ' అనే పేరు నాదే. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై ఫైళ్ళన్నియు ఉద్యోగి నుండి ఉద్యోగికి కరస్పర్శ ద్వారా మాత్రమే చేరవేయబడవలెను. ఉద్యోగి దేహమే ఫైలు వాహకముగా పరిగణింపబడును. పట్టీ కేవలము అలంకారప్రాయము." ఆ ఆఖరి వాక్యం చదవడానికి బాగుంటుందని చేర్చాను. అంతకంటే వేరే ఆలోచన లేదు.

పథకం మొదలయ్యాక ఓ చిన్న ఇబ్బంది కనబడింది. గుండె నిమిషానికి డెబ్బైసార్లు కొట్టుకునే సంగతి చెప్పడానికి చేసిన యంత్రానికి వేగంతో పనిలేదు. నలభై పేజీల ఫైలు ఓ చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్ళడానికి ముప్పావుగంట పట్టేది. అంతసేపూ ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకు కూర్చోవాలి. పైగా పంపేవాడు రెండో చేతి వేలు తన పట్టీ మీద నొక్కిపట్టాలి. గుండె కొలిచే రోజుల నాటి ఏర్పాటది. తీసేయడానికి వకుళ గారు సమయం అడిగితే కమిషనరు గారు ఇవ్వలేదు.

ఆ విధంగా రెండు చేతులూ ప్రభుత్వ సేవలో ఉండగా ముక్కు దురద పెడితే ఏం చేయాలన్న ప్రశ్న మూడో రోజున ఉత్పన్నమైంది. అంతస్తుకి ఒక అటెండరుని అందుకు నియమించాం.

తర్వాత మర్యాదల సమస్య. కిందివాడు ముందు చెయ్యి చాపవచ్చునా? చాపరాదు. ఎవరి చెయ్యి పైన ఉండాలి? అధికారిది. గుమస్తా నేరుగా కమిషనరు గారి చెయ్యి పట్టుకోవచ్చునా? కూడదు. గుమస్తా నా చెయ్యి, నేను అసిస్టెంటు డైరెక్టరు చెయ్యి, ఆయన డిప్యూటీ చెయ్యి, ఇలా త్రూ ప్రాపర్ ఛానల్ వెళ్ళాలి. వకుళ గారు ఒకసారి మాటల్లో "శరీరమే ఛానల్ సర్" అన్నారు. "శరీరం సరే, ప్రాపర్ కావాలి కదమ్మా" అన్నారు కమిషనరు గారు.

మహిళా ఉద్యోగులు మాత్రం తమలో తామే పంపుకుంటామని తెగేసి చెప్పారు. వాళ్ళ ఫైళ్ళు పై అధికారుల దాకా రాకపోవడంతో కొర్రీలు పడలేదు. ఏడాదిగా పేరుకున్న పని పదకొండు రోజుల్లో అయిపోయింది. ఇది క్రమశిక్షణా రాహిత్యమని వాళ్ళకి మెమో ఇచ్చాం.

అసలు కష్టం ఏసీ గదుల్లో వచ్చింది. అధికారుల చేతులు పొడిగా, అప్పడాల్లా ఉండేవి. పొడిచర్మంలోంచి సంకేతం సరిగ్గా వెళ్ళేది కాదు. పదో పేజీలో తెగిపోయేది. సిబ్బందికి పూటకి రెండు గ్లాసుల మజ్జిగ తప్పనిసరి చేశాం. ఫలితం లేదు. అప్పుడు బయటపడ్డాడు అసిరినాయుడు.

అసిరినాయుడు మా జూనియర్ అసిస్టెంటు. నలభై రెండేళ్ళవాడు. చిన్నతనం నుంచీ అతని అరచేతులకి ఒకటే చెమట. పరీక్షలో జవాబు పత్రం తడిసి రెండుసార్లు తప్పాడట. కరచాలనం చేయాల్సి వస్తుందని పెళ్ళిళ్ళకి వెళ్ళేవాడు కాదు. ఆఫీసులో అందరూ అతని దగ్గర కాగితం అందుకోవాలంటే అంచు పట్టుకుని అందుకునేవారు. నేనూ అంతే.

ఆ చేతిలోంచి నలభై పేజీలు ఒక్క అక్షరం పోకుండా వెళ్ళాయి.

కమిషనరు గారు అతన్ని 'ప్రధాన వాహకుడు'గా నియమించారు. అధికారుల పక్కన కుర్చీ వేయించారు. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా ఎవరో ఒకరు అతని చెయ్యి పట్టుకునే ఉండేవారు. ఓ మధ్యాహ్నం నాకు ఫైలు పంపుతూ అన్నాడు: "అయ్యగారూ, నా సెయ్యి కావాలని ఇన్నాళ్ళకి అడిగినారండి. మా అమ్మ పోయాక నా సెయ్యి ఎవులూ పట్టుకోనేదండి." ముప్పావుగంట అలా కూర్చున్నాం.

ఇంతలో ఇంకో సందేహం. ఉద్యోగి దేహమే వాహకం అయినప్పుడు, ఒంట్లో ఫైళ్ళు ఉండగా అతను ఊరెళితే? ఫైళ్ళు ఊరెళ్ళినట్టే కదా! ఆడిట్ వారు అడిగితే? వకుళ గారు పరిగెత్తుకొచ్చారు.

"సర్, ఫైలు ఒంట్లో ఉండదు. ఒళ్ళు దారి మాత్రమే. ఫైలు పట్టీలో ఉంటుంది. పట్టీ తీసి సొరుగులో పడేస్తే సరిపోతుంది."

"దారిలో బండి ఆగిపోదా అమ్మా? మన ఊరి ఫ్లైఓవరు మీద చూడండి" అన్నారు కమిషనరు గారు. "పైగా పట్టీ అలంకారప్రాయమని సర్క్యులర్లోనే ఉంది."

ఆవిడ నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

ఆ వారం ఐదు ఉత్తర్వులు వెళ్ళాయి. ఒంట్లో ఫైళ్ళున్న ఉద్యోగి 'దేహ నిరభ్యంతర పత్రం' లేకుండా ఆఫీసు దాటరాదు. రక్తదానం చేయరాదు, కార్యాలయ సమాచారం పరులపాలు కావచ్చు. కొండకి వెళ్ళి తలనీలాలు సమర్పించేవారు జుట్టులో ఏ ఫైలు పేరాలూ లేవని ముందుగా ధ్రువీకరించాలి. ఎనభై కిలోలు దాటినవారికి అదనంగా రెండు సెక్షన్లు కేటాయించాం, స్థలం ఉంది కాబట్టి. సిబ్బందిలో ఒకాయన ఉపవాసాలు మొదలుపెడితే విధుల ఎగవేత కింద సంజాయిషీ అడిగాం.

జ్యేష్ఠం వచ్చేసరికి అసిరినాయుడి ఒంట్లో అరవై ఒక్క ఫైళ్ళు చేరాయి. పైవాళ్ళు రోజుకి రెండు మూడింటికి మించి అందుకోలేకపోయేవారు. కిందివాళ్ళు పంపుతూనే ఉండేవారు. అతనికి పత్రం దొరికే దారి లేదు. రికార్డు గదిలో చాప వేయించాం. భార్య క్యారేజీ పంపేది. పన్నెండు రోజులు ఇంటికి వెళ్ళలేదు. నీరసంగా కనిపిస్తే మజ్జిగ పెంచాం.

ఓ సోమవారం వకుళ గారు పట్టీలు తనిఖీ చేయడానికి వచ్చారు. ఫైళ్ళలో తప్పులు ఎక్కడ దొర్లుతున్నాయో చూడాలని ఒక్కొక్కరి పట్టీకీ తన లాప్‌టాప్ తగిలిస్తున్నారు. వేలు నొక్కిపట్టినప్పుడల్లా ఆ పట్టీ పంపేవాడి గుండెనీ నమోదు చేస్తూనే ఉందట. అసిరినాయుడి పట్టీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఈయన ఎక్కడున్నారు?"

"డిప్యూటీ గారి గదిలో, పనిలో ఉన్నాడు."

"కళ్ళు తిరుగుతున్నాయని ఎప్పుడైనా అన్నారా?"

పిలిపించాం. వచ్చి నిలబడ్డాడు. "ఏటీ నేదమ్మా. అప్పుడప్పుడు సీకటి కమ్ముతాది. కూకుంటే పోతాది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సెప్తే ఈ కుర్సీ తీసేత్తారని సెప్పనేదండి" అన్నాడు.

ఆవిడ తెర నా వైపు తిప్పారు. కొండలూ లోయలుగా వెళ్తున్న గీత ఒకచోట చదునైపోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు సెకన్లు. మళ్ళీ కొండ. "ఈ నాలుగు సెకన్లూ ఈయన గుండె కొట్టుకోలేదండి" అన్నారావిడ మెల్లగా. "ఈ వారంలో తొమ్మిదిసార్లు. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

ఇద్దరం కమిషనరు గారి గదిలోకి వెళ్ళాం. ఆయన సానుభూతితో విన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు.

"తప్పక పంపుదాం. పత్రం ఉందా?"

"అరవై ఒక్క ఫైళ్ళు ఖాళీ చేయాలి సర్. ఫైలుకి ముప్పావుగంట" అన్నాను.

"అయితే త్వరగా మొదలుపెట్టండి."

"సర్, ఆయన చనిపోవచ్చు!" అన్నారు వకుళ గారు.

కమిషనరు గారి మొహం పాలిపోయింది. "అరవై ఒక్క ఫైళ్ళతోనా? ఆడిట్ వారికి ఏం చెప్పాలి? నియమం నేను ఎలా దాటనమ్మా? ఇవాళ ఒకరిని వదిలితే రేపు గుండె ఉన్న ప్రతివాడూ వస్తాడు."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను మోసుకుపోతాను, మీరు కేసు పెట్టుకోండి" అంటూ బయటికి నడిచారు. గేటు దగ్గర ఇద్దరు గార్డులున్నారు. వాళ్ళకి ఆ ఉత్తర్వు రాసిచ్చినవాణ్ణి నేనే.

నా బల్ల దగ్గర కూర్చుని నా సర్క్యులరు నేనే మొదటిసారి చదివాను. రాసేటప్పుడు చదవం. "ఉద్యోగి దేహమే ఫైలు వాహకము." వాహకం అంటే మా భాషలో కవరు. ఉద్యోగి బయటికి వెళ్ళకూడదు. కానీ ఫైళ్ళు రోజూ బయటి శాఖలకు వెళ్తూనే ఉంటాయి! వాటిని ఎవరూ ఆపరు.

ఐదు నిమిషాల్లో నోటు పెట్టాను. "అరువదియొక్క ఫైళ్ళు, కవరుతో సహా, ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి వారి అభిప్రాయము నిమిత్తము పంపుటకు అనుమతి కోరడమైనది. అతి జరూరు."

కమిషనరు గారు మొదటి ప్రశ్న వేశారు. "త్రూ ప్రాపర్ ఛానలేనా?"

"అవును సర్. కవరు వెంట నేనే స్వయంగా వెళ్తున్నాను."

ఆకుపచ్చ సిరాతో 'పంపవచ్చును' అని రాశారు. అసిరినాయుడి జేబుకి ఎర్రని జరూరు చీటీ గుచ్చి, బట్వాడా పుస్తకంలో ఎక్కించి, జీపులో కూర్చోబెట్టాను. వకుళ గారు బ్యాగుతో ముందు సీట్లో ఎక్కారు. గార్డు పుస్తకం చూసి గేటు తీశాడు. జీపు వంతెన ఎక్కుతుండగా అతని తల నా భుజం మీదికి వాలింది. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఈసారి ముప్పావుగంట ఎప్పుడవుతుందా అని చూడలేదు. ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా నాడి వేళ్ళ కింద ఎక్కడో జారిపోతున్నట్టే అనిపించింది.

ఆస్పత్రిలో, వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్‌వర్డ్ గుమస్తా చీటీ చూసి, నంబరేసి, అలవాటుగా అసిరినాయుడి మణికట్టు మీద ముద్ర కొట్టాడు. డ్యూటీ డాక్టరు కుర్రవాడు. ఈసీజీ తీశాడు. పది సెకన్లూ గుండె బంగారంలా కొట్టుకుంది.

"బాగానే ఉందండీ. నీరసం. తీసుకెళ్ళండి" అన్నాడు.

వకుళ గారు బ్యాగులోంచి బిళ్ళ తీశారు. "ఇది పెట్టి రెండు గంటలు చూడనివ్వండి."

"కుదరదు మేడం. రోగికి కొత్త పరికరం పెట్టాలంటే అనుమతి కావాలి. మీరు మాకు కాపీ ఇచ్చిన అర్జీ ఇంకా కమిషనరేట్లోనే ఉంది కదా?"

నేను కల్పించుకున్నాను. "డాక్టరు గారూ, ఈయన రోగిగా రాలేదు. మీ ఇన్‌వర్డ్ చూడండి, ఫైలుగా వచ్చారు. రోగికి ఏదైనా అంటించాలంటే అనుమతి కావాలి. ఫైలుకి ఏదైనా అంటించాలంటే జిగురుంటే చాలు."

ఆ కుర్రవాడు ఇన్‌వర్డ్ నంబరు చూశాడు, నన్ను చూశాడు, అసిరినాయుణ్ణి చూశాడు. "మీకు ఇష్టమేనా?" అని అడిగాడు. ఆ రెండు నెలల్లో అసిరినాయుణ్ణి ఆ మాట అడిగిన మొదటి మనిషి అతను.

"అంటించండి బాబూ" అన్నాడు అసిరినాయుడు.

గంటా పది నిమిషాలకు గీత చదునైపోయింది. ఆరు సెకన్లు. అసిరినాయుడి కళ్ళు తేలిపోయాయి. డాక్టరు అతని ఛాతీ మీద చెయ్యి వేసి అరిచాడు, నర్సులు పరిగెత్తారు. మళ్ళీ గీత లేచింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ ఆరు సెకన్లలో నేను రాసిన సర్క్యులర్లు ఒక్కటీ గుర్తు రాలేదు, నంబర్లు కూడా.

అదే సాయంత్రం తాత్కాలికంగా గుండెలోకి తీగ వేశారు. గురువారం పేస్‌మేకరు అమర్చారు. భార్య మంచం పక్కన కూర్చుని అతని అరచెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని వదల్లేదు. చెమట సంగతి ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు.

ఫైలు పంపాక అభిప్రాయం రావాలి కదా. పదో రోజున ఆస్పత్రి నుంచి జాబు వచ్చింది. "తమరు పంపిన కవరును పరిశీలించడమైనది. లోపమును సరిచేయడమైనది. ఇకపై ఈ కవరులో ఫైళ్ళు ఉంచరాదు." కమిషనరు గారు జాబుని రెండుసార్లు చదివారు. నేను చూస్తుండగా ఆయన ఏదైనా చదవడం అదే మొదలు. "బతికాడన్నమాట" అని గట్టిగా ఊపిరి వదిలారు.

ఆ జాబు కాపీలు ఆఫీసంతా తిరిగాయి. మర్నాటికి నూట పందొమ్మిది మందీ తమ కవర్లలో కూడా లోపమున్నదని రాసిచ్చారు. కరస్పర్శ పథకం ఇప్పటికీ అమల్లోనే ఉంది. నూరుశాతం విజయం సాధించిందని నేనే నివేదిక పంపాను. ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోవడం లేదు, అంతే.

వకుళ గారి అర్జీకి కొత్తగా నోటు పెట్టాను. "నలువది మందిలో ఒకరికి ఇదివరకే అమర్చబడి, సత్ఫలితము వచ్చియున్నది. పూర్వ దృష్టాంతము ఉన్నందున మిగిలిన ముప్పది తొమ్మిది మందికి కొనసాగింపు అనుమతి ఇవ్వవచ్చును." కొత్త పనికి అనుమతి ఇవ్వాలంటే మా కమిషనరేటు వణికిపోతుంది. జరుగుతున్న పనిని కొనసాగించమంటే కళ్ళు మూసుకుని సంతకం పెడుతుంది. పెట్టింది. ఎథిక్స్ కమిటీ వాళ్ళు కూర్చుని అన్నీ అడిగి వాళ్ళ అనుమతీ ఇచ్చారు.

ఆస్పత్రి రెండో అంతస్తులో ఆవిడకో గది ఇచ్చారు. సెలవు రోజుల్లో అసిరినాయుడు అక్కడికి వెళ్ళి, బిళ్ళ పెట్టించుకోవడానికి భయపడే వాళ్ళ పక్కన కూర్చునేవాడు. "ఏటీ కాదు. నాను ఆర్నెల్లుగా బతికే ఉన్నాను సూడండి" అని చెప్పేవాడు. వాళ్ళు అతని చెయ్యి పట్టుకునేవారు.

మొన్న కార్తీకంలో పద్దెనిమిదో మనిషిగా కమిషనరు గరుడాచలం గారు వచ్చారు. నెల రోజులుగా మెట్లెక్కితే దడగా ఉంటోందట. నన్ను తోడు రమ్మన్నారు. వకుళ గారు పాత సంగతులేవీ ఎత్తలేదు. చొక్కా గుండీలు విప్పించి బిళ్ళ అంటించారు, చేతికి పట్టీ కట్టారు. తెర మీద గీత నడక మొదలుపెట్టింది. కమిషనరు గారు దాన్ని అనుమానంగా చూశారు.

"గుండె దగ్గర్నుంచి నేరుగా చేతికి వచ్చేస్తోందా?"

"నేరుగానే సర్."

"మధ్యలో ఎవరూ చూడరా? సంతకం, అదీ?"

"ఏమీ అక్కర్లేదు సర్."

"మరి ఈ కొట్టుకోవడం, ఇది మీరు బిళ్ళ పెట్టాక మొదలైందా?"

వకుళ గారు నవ్వు ఆపుకున్నారు. "లేదు సర్. మీరు పుట్టకముందు నుంచీ కొట్టుకుంటూనే ఉంది. ఒక్క రోజు సెలవు పెట్టకుండా."

కమిషనరు గారు కళ్ళజోడు సవరించుకుని, ముందుకు వంగి, ఆ గీతను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు.

"ఎవరి అనుమతితో?" అన్నారు.